వంధ్యీకరణ మండలంలో మా ఊరు

ఆ మాటకు అర్థం చెప్పి ఊరిని హడలగొట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పది రోజులూ వీధిలోకి వెళ్లాలంటే నాకు మొహం చెల్లలేదు.

మా ఊరు నడికుడికీ గురజాలకూ మధ్య ఉంటుంది. ఊరి హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. మా ఆయన నడికుడి స్టేషన్లో పని చేస్తారు. ఏ ఇంట్లో చూసినా నా దగ్గర చదువుకున్నవాళ్లో, వాళ్ల పిల్లలో ఉంటారు. అందుకని బ్యాంకు కాగితం వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా, శుభలేఖలో తప్పులు దిద్దాలన్నా అందరూ మా అరుగు మీదికే వస్తారు. అది నాకు ఇష్టం కూడా. కొంప ముంచింది ఆ ఇష్టమే.

అణు విద్యుత్ కేంద్రం కోసం చూస్తున్న చోట్లలో మా ఊరి పడమటి పొలాలు కూడా ఉన్నాయని అంతకు ఏడాది ముందు నుంచే అనుకుంటున్నారు. మూడు కాళ్ల స్టాండు పెట్టుకుని నేల కొలిచేవాళ్లు వచ్చారు. సంచుల్లో మట్టి పట్టుకుపోయేవాళ్లు వచ్చారు. దీని మీద ఊరు రెండుగా చీలిందని చెప్పలేను. ఒక్కో మనిషే రెండుగా చీలాడు. పొద్దున టీ తాగుతూ ఉద్యోగాలొస్తాయన్నవాడే సాయంత్రానికి ఊరు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని దిగులుపడేవాడు.

ఏ అనుమానమూ లేనిది పాత సర్పంచి ఒక్కడికే. వరసకు నాకు మామయ్య అవుతాడు. రోడ్డు పక్కనున్న తన మిరప చేను చదును చేయించి, నాపరాళ్లు పాతించి, ప్లాట్లు వేసి, 'అణు నగర్' అని ఇంత పెద్ద బోర్డు నిలబెట్టాడు.

ఒక ఆదివారం ఆయనే పంచాయతీ ఆఫీసు నుంచి ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. ఇలాంటి కేంద్రం పెట్టబోయే ముందు జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి వాళ్ల మాట వినాలని నిబంధన ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ అంటారు దాన్ని. మాట చెప్పాలంటే ముందు విషయం తెలియాలి కదా. అందుకని ఇంగ్లీషులో ఉన్న పెద్ద రిపోర్టుకు తెలుగులో సారాంశం రాయించి ఊళ్లో అందుబాటులో ఉంచాలి. ఆయన చేతిలో ఉన్నది ఆ సారాంశం.

"అమ్మాయ్, అంతా తెలుగే గానీ నాకొక్క ముక్క కొరుకుడు పడలా. నువ్వు చూడు," అన్నాడు.

చూశాను. అక్షరాలు మాత్రం తెలుగువే. ఇంగ్లీషు వాక్యాలను కంప్యూటరులో పోసి తిప్పితే రాలిపడిన తెలుగది. వేడి నీళ్లను చల్లార్చే కట్టడాన్ని 'శీతల గోపురం' అన్నారు. అది విని మామయ్య, "గుడి గూడా కడతారంటనా?" అని సంబరపడ్డాడు. కేంద్రం చుట్టూ కంచె లోపలి జాగాకు 'బహిష్కరణ మండలం' అని పేరు. ఆ తర్వాత ఐదు కిలోమీటర్ల లోపలున్న ఊళ్ల పట్టిక వచ్చింది. అందులో మొదటి పేరు మా ఊరిదే. ఆ పట్టిక పైన లావు అక్షరాలతో 'వంధ్యీకరణ మండలం' అని ఉంది.

అప్పటికి అరుగు మీద పదిమంది దాకా చేరారు. "అదేంది టీచరమ్మా, ఆ పేరు?" అని ఎవరో అడిగారు.

తెలియదని ఊరుకుంటే సరిపోయేది. కానీ తెలుగు టీచరు నోటికి ఆ మాట అంత తేలిగ్గా రాదు. వంధ్య అంటే గొడ్రాలు అన్నాను. వంధ్యీకరణం అంటే అలా చేయడం అన్నాను. క్లాసులో చెప్పినట్టే వేళ్లు విడదీస్తూ, "అంటే పిల్లలు పుట్టకుండా చేయడం," అని ముగించాను.



"ఎవరికి?" అన్నాడు మామయ్య.

"ఐదు కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకి... అన్నట్టు రాశారు." అన్నాను.

పొద్దు వాలేసరికి ఆ మాట ఊరు దాటింది. కేంద్రం వస్తే ఐదు కిలోమీటర్ల లోపల అందరికీ ఆపరేషన్లు చేస్తారని ఒకరు, ఆపరేషనూ అక్కర్లేదు, ఆ కరెంటుతో ఫ్యాను తిరిగితే చాలని ఇంకొకరు. టీ కొట్టు దగ్గర ఇది మగాళ్లకా ఆడాళ్లకా అని పెద్ద వాదం నడిచిందట. "మాకు చేస్తే ఎంత, చేయకపోతే ఎంత!" అని ముసలాళ్లు మాత్రం నిశ్చింతగా టీ తాగారట. ఇదంతా మా ఆయన ఇంటికొచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ పక్కింటి పెద్దమ్మ వచ్చాక నవ్వు ఆగిపోయింది.

పెద్దమ్మకు డెబ్బై దాటాయి. పడమటి పొలాల్లో ఆమెకు కొంత భూమి ఉంది. ఇప్పటికీ పొద్దున్నే గంపా కొడవలీ పట్టుకుని తానే పోతుంది. ట్రాక్టర్లు బాగుచేసే మనవడికి రాజుపాలెం పిల్లను మాట్లాడుకున్నారు. వచ్చే వారమే తాంబూలాలు.

"ఏమే, నువ్వేనా ఆ మాటన్నది?" అంది గుమ్మంలోనే నిలబడి. "రాజుపాలెం నుంచి ఫోనొచ్చింది. మీ ఊరు ఐదు కిలోమీటర్లలో ఉందంట గదా, కాసిన్ని రోజులు ఆగుదాం అంటన్నారు."

"నేనేం కల్పించలేదు పెద్దమ్మా, ఆ మాటకు అర్థమే అది."

"అర్థం చెప్పేదానివి, కాస్త మంచర్థం చెప్పకూడదటే?"

మర్నాడు పిల్ల తండ్రి మోటారు సైకిలు మీద నేరుగా మా ఇంటికే వచ్చాడు. మర్యాదస్తుడు. మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టి మెల్లగా అన్నాడు: "అమ్మా, మీరు చదువు చెప్పేవాళ్లు. మీ నోటితోనే అన్నారంట. తెలిసి తెలిసి మా పిల్లను అందులోకి ఎట్టా పంపిచ్చమంటారు?" 

ఆ పిల్ల మాత్రం గట్టిది. పెళ్లి మానుకునేది లేదు, ఆరో కిలోమీటరులో ఇల్లు చూడమని మనవడికి ఫోను చేసి చెప్పిందట. వాడు నిజంగానే మోటారు సైకిలు మీటరు చూసుకుంటూ గురజాల దారిలో పోయి, ఆరో కిలోమీటరు సరిగ్గా ఒక పత్తి చేలో వస్తుందని కనిపెట్టి వచ్చాడు. వాడి ముఖం చూసిన రోజు నేను గట్టిగా అనుకున్నాను. ఈ ముడి నేను వేసిందే, నేనే విప్పాలి.

ఆ వారంలోనే స్థలం చూడడానికి ఒక అధికారిణి వచ్చి మండల ఆఫీసులో కూర్చుంటోందని తెలిసింది. స్కూలుకు సెలవు పెట్టి, పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లాను. నలభై ఏళ్లుంటాయి ఆమెకు. కాళ్లకు మట్టి బూట్లు, బల్ల నిండా మ్యాపులు. నల్లగొండ వైపు మనిషినని చెప్పింది. కృష్ణ దాటితే వాళ్ల ఊరే.

ఆ పుస్తకం తీసి, ఆ మాట చూపించి, నేను చెప్పిన అర్థమూ చెప్పాను. ఆమె ఒక్క క్షణం మాట వంక చూసి, తల బల్లకు ఆనించి నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. పెద్దమ్మకు ఒళ్లు మండింది.

"నవ్వమ్మా, నవ్వు. నా మనవడి పెళ్లి ఆగిపోయింది."

ఆమె నవ్వు ఠక్కున ఆగింది. లేచి వచ్చి పెద్దమ్మకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"తప్పయింది పెద్దమ్మా. ఇంగ్లీషుల దీన్ని స్టెరిలైజ్డ్ జోన్ అంటరు. ఆ పేరు పెట్టినోళ్ల మీద నాకూ కోపమే. అసలు సంగతి చెప్తా వినండి. ఆ ఐదు కిలోమీటర్లల్ల కొత్తగా పెద్ద కాలనీలు, ఫ్యాక్టరీలు రానియ్యరు. ఉన్న ఊరు ఉంటది, వ్యవసాయం ఉంటది. పెండ్లిళ్లయితయి, పిల్లలు పుడతరు. బయటి జనం వచ్చి గుంపుగా చేరొద్దు, అంతే. ఏదన్నా ప్రమాదమైతే ఊరిని తొందరగ తరలించే వీలుండాలె."

పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అయితే కొత్త ప్లాట్లు గూడా వెయ్యగూడదా?"

"వెయ్యొద్దు."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "అంటే గొడ్డుపోయేది మీ మామ చేనేనన్నమాట," అంది. ఈసారి ముగ్గురమూ నవ్వాం.

తర్వాత ఆమె మాకు టీ తెప్పించి, తనెవరో చెప్పింది. నేను అప్పటిదాకా ఆమెను కేంద్రం కట్టేవాళ్ల మనిషే అనుకున్నాను. కాదట. కట్టేవాళ్లు వేరు, కట్టొచ్చో లేదో తేల్చేవాళ్లు వేరు. స్థలానికి ఒక అనుమతి, కట్టడానికి ఒకటి, మొదలుపెట్టడానికి ఒకటి, నడపడానికి ఇంకొకటి. ఏ మెట్టు దగ్గరైనా ఆపే అధికారం వాళ్ల సంస్థకు ఉందట. ఎగువ డ్యాం తెగితే నీళ్లెంత దూరం వస్తాయో, సున్నపురాయి క్వారీల్లో పేలుళ్లు ఎంత దగ్గరో, ఊరి నుంచి బయటికి ఎన్ని దారులున్నాయో, అన్నీ ఆమె నోటు పుస్తకంలో ఉన్నాయి.

"ఇన్నిసార్లు చూసేవాళ్లు ఎప్పుడన్నా వద్దన్నారా తల్లీ? లేకపోతే ఊరికే సంతకాలేనా?" అంది పెద్దమ్మ. ఆమెకు ఆఫీసుల మీద నమ్మకం తక్కువ.

అధికారిణికి కోపం రాలేదు. "అడగాల్సిన మాటే. సరిగ లేదని కాగితాలు వెనక్కి పంపినయి శానా ఉన్నయి. కానీ మాకు చెప్పేటోళ్లు ఉంటేనే తెలుస్తది. నేల మీద ఉన్నది కాగితంల రాకపోతే నాకెట్ల కనబడతది?"

పుస్తకం సంగతేమిటని అడిగాను. దాన్ని దిద్దే అధికారం తనకు లేదంది. అది కట్టేవాళ్లు రాయించింది. జనంలో ఎవరైనా ఇది మాకు అర్థం కాలేదని రాసిస్తే కలెక్టరు గారు చూస్తారంది. ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నేను సంతకం పెట్టడానికి వెనకాడుతుంటే పెద్దమ్మ నా చేతిలో పెన్ను పెట్టింది.

"నువ్వు రాయి. నేను పెడతా సంతకం."

అక్కడే బల్ల మీద రాశాను. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో వ్యాసాలు రాయించాను, ఉపన్యాసాలు రాసిచ్చాను గానీ, నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చినవి ఆ నాలుగు వాక్యాలే. 'అయ్యా, మా ఊళ్లో పెట్టిన పుస్తకం తెలుగు అక్షరాల్లో ఉంది గానీ తెలుగులో లేదు. నాకు చదివి వినిపించారు. నాకు అర్థం కాలేదు. అర్థం కాని దాని మీద నా అభిప్రాయం చెప్పలేను.' కింద పెద్దమ్మ ఒక్కో అక్షరమే ఒత్తి ఒత్తి తన పేరు రాసింది.

మర్నాడు సాయంత్రం అధికారిణి మా అరుగు మీదికే వచ్చి ఊరందరికీ ఆ మాట విడమరిచి చెప్పింది. రాజుపాలెం ఆయనకూ కబురు పెట్టాం. ఆయన అంతా విని, "ఇదంతా రాసిస్తారా?" అన్నాడు. "కొత్త పుస్తకం వస్తే దాంట్ల ఉంటది. నా మాటగా కాదు, పుస్తకం మాటగా చూసుకోండి," అందామె. ఆయనకు ఆ జవాబు నచ్చినట్టే ఉంది. మామయ్య మాత్రం ప్లాట్ల సంగతి మూడుసార్లు అడిగి, మూడుసార్లూ అదే జవాబు విని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాన్నాళ్లు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. సారాంశం మళ్లీ రాయించమని కట్టేవాళ్లకు ఉత్తర్వులొచ్చాయి. రాసినదాన్ని ఒకసారి చూసిపెట్టమని తహసీల్దారు గారు నన్నే అడిగారు. నేను ఒక్క షరతు పెట్టాను. ప్రతి పేజీ పెద్దమ్మకు చదివి వినిపిస్తాను, ఆమెకు తెలియని మాట ఉంటే మార్చాలి.

ఆ నెలంతా స్కూలు నుంచి రాగానే అదే పని. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేది. నేను చదివేదాన్ని. 'బహిష్కరణ మండలం' పోయి 'ఎవరూ నివాసం ఉండని జాగా' వచ్చింది. 'వంధ్యీకరణ మండలం' బదులు 'కొత్త కాలనీలు రానివ్వని ప్రాంతం' అని రాసి, దాని కింద, 'ఇప్పుడున్న ఊళ్లకూ, పెళ్లిళ్లకూ, పిల్లలకూ, పంటలకూ ఏ అడ్డూ ఉండదు' అని ఒక వాక్యం చేర్చాం. కట్టేవాళ్ల తరఫున వచ్చిన ఇంజనీరు ఆ 'పెళ్లిళ్లకూ' అనే మాట సారాంశంలో బాగుండదన్నాడు. పెద్దమ్మ తన వంక చూసిన చూపుకు అతను ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఒక రోజు నేల గురించిన పేజీ వచ్చింది. పాత పుస్తకంలో 'కుహర రహిత దృఢ శిలాస్తరం' అని ఉంది. నేను దాన్ని, 'ఈ పొలాల కింద గట్టి రాయి ఉంది. రాతిలో ఖాళీలు, గుహలు లేవు' అని మార్చి చదివాను.

పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏందీ, మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"మా చేలో చూశారంటనా ఈళ్లు? మీ పెదనాన్న బతికున్నప్పుడు బోరేయిచ్చాం. కొంత దూరం దిగాక రాడ్డు జర్రున జారి కిందకి పోయింది. చుక్క నీళ్లు పడలా. ఇప్పటికీ వాన పడితే వాగు నీళ్లు ఆ పక్క గుంతలోకి గుడగుడమని పోతాయి, మళ్లీ యాడా తేలవు. గుహలు లేవంట!"

 ఇన్నాళ్లుగా ఆ పుస్తకం ఎంతమంది చేతులు మారిందో. అందులో తప్పు ఉందని చెప్పగల మనిషి మా పక్కింట్లోనే ఉంది. ఆమెకు తెలిసే భాషలో ఎవరూ చెప్పలేదు, అంతే.

"ఇది మీటింగులో చెప్పాలి పెద్దమ్మా," అన్నాను.

"చెబుతాను. నాకేం భయమా?"

కొత్త సారాంశం అచ్చయి వచ్చిన రోజునే రాజుపాలెం ఆయన వచ్చి, ఆ పేజీ రెండుసార్లు చదువుకుని, ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లాడు. మరుసటి గురువారం తాంబూలాలు పుచ్చుకున్నారు. పత్తి చేలో ఇల్లు కట్టాల్సిన అవసరం తప్పింది.

సభ మా స్కూలు ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు. కలెక్టరు గారు, కాలుష్యం చూసే ఆఫీసు వాళ్లు, కట్టేవాళ్లు, మా అధికారిణి ఒక మూల. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. మాట్లాడిన ప్రతి మాటా రికార్డు చేశారు. అన్నీ గొప్ప మాటలేమీ కాదు. ఒకాయన కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని చెప్పి కూర్చున్నాడు. ఇంకొకాయన ఊరికి బస్సు కావాలన్నాడు. ప్రమాదమొస్తే ఊరు ఊరంతా ఎట్లా కదులుతుందని ఎవరో అడిగితే, పాత సర్పంచి మామయ్య అప్పటిదాకా బిగబట్టిన మౌనం వదిలేసి లేచాడు.

"ప్రతి శివరాత్రికీ కోటప్పకొండకి పోతన్నాం. ఆ జనంలో తాటిచెట్టంత ఎత్తు ప్రభలు పోతాయి, బళ్లు పోతాయి, ముసలీ ముతకా పోతారు. పొయ్యేటప్పుడు బాగానే పోతాం. వచ్చేటప్పుడే, అందరం ఒక్కసారే కదిలేసరికి ఎటు బండి అటే ఆగి, తెల్లారుద్ది. అదే చెబుతున్నా. ఈ రోడ్డు సరిపోదు. రెండో రోడ్డు కావాల!"

షామియానా అంతా చప్పట్లు. అధికారిణి అది కూడా శ్రద్ధగా రాసుకుంది.

అప్పుడు పెద్దమ్మ లేచింది. మైకు ఎత్తు సరిపోక చేత్తో పట్టుకుంది.  

"దండాలండీ. ఈ పుస్తకం నాకు అంతా అర్థమైంది. అర్థమైంది కాబట్టే అడుగుతున్నా. కింద గుహల్లేవని రాశారు. నా చేలో బోరేస్తే రాడ్డు జారిపోయింది. వాగు నీళ్లు లోపలికి పోతాయి. ఒక బోరు రాడ్డు నిలబడని చోట అంత బరువు కట్టడం ఎట్టా నిలబెడతారు? నా మాట నమ్మొద్దు. వచ్చి చూడండి."

కట్టేవాళ్ల తరఫు ఇంజనీరు లేచి, పరీక్షలన్నీ అయ్యాయనీ, అలాంటిదేమీ కనబడలేదనీ చెప్పాడు. "నా చేలో చేశారా?" అంది పెద్దమ్మ. అతను కాగితాలు తిరగేశాడు. చేయలేదు. ఆమె చేను పక్కన రెండు చోట్ల చేశారు. కలెక్టరు గారు ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు రాయమన్నారు.

మర్నాడు పొద్దున్నే అధికారిణి చేలో ఉంది. ఊళ్లో సగం జనమూ అక్కడే. పెద్దమ్మ కంపచెట్లు తప్పించుకుంటూ ముందు నడిచి, పాత బోరు మీద కప్పిన నాపరాయి చూపించింది. నలుగురు పట్టి దాన్ని పక్కకు జరిపారు. ఒక తాడుకు ఇనుప దిమ్మె కట్టి వదిలారు. కొంత దూరం దిమ్మె గోడలకు ఒరుసుకుంటూ మెల్లగా దిగింది. తర్వాత ఉన్నట్టుండి ఏ అడ్డూ లేనట్టు తాడు సర్రున పరుగెత్తింది. పట్టుకున్నవాళ్లు ముందుకు తూలారు. చుట్టూ ఉన్నవాళ్లు "ఓహో!" అన్నారు, కబడ్డీలో ఒకడు గీత దాటినట్టు. అధికారిణి మోకాళ్ల మీద కూర్చుని ఆ రంధ్రంలోకి చెవి పెట్టి విన్నది. లేచి, మోకాళ్ల మట్టి కూడా దులుపుకోకుండా పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"ఇది చూడకుండ సంతకం పెడితే ఏమయ్యేది పెద్దమ్మా!"

"అందుకేగా చూడమంది," అంది పెద్దమ్మ తేలిగ్గా.

ఆ తర్వాత పెద్ద యంత్రాలతో వచ్చి ఆ చుట్టుపక్కల చాలాచోట్ల లోతుగా తవ్వి చూశారు. సున్నపురాయి నీటికి కరిగి లోపల డొల్లలు పడుతుందట. ఒకటి రెండు కాదు, ఒకదానికొకటి తగిలి దారులు దారులుగా ఉన్నాయట. కొన్ని నెలల తర్వాత, ఆ స్థలం అణు కేంద్రానికి తగదని కాగితం వచ్చింది. మా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. ఈసారి కాగితం మంచి తెలుగులో ఉంది. నేను చదివి వినిపించాల్సిన అవసరం రాలేదు.

ఊరు పండగ చేసుకుందని చెప్పలేను. ఉద్యోగాలొస్తాయనుకున్నవాళ్లు కొన్నాళ్లు ముఖాలు వేలాడేసుకున్నారు. వాళ్లను చూస్తే నాకూ బాధ వేసింది. ఆ ఆశ తప్పేమీ కాదు కదా. మామయ్య నాపరాళ్లు పీకించి మళ్లీ మిరప వేశాడు. చదును చేసిన నేల కదా, నీళ్లు చక్కగా పారి ఆ ఏడు కాపు బ్రహ్మాండంగా వచ్చింది. మొదటి కోత కాయలు ఒక గంపెడు మా ఇంటికి పంపి, తనే వెనక వచ్చి, "రెండో రోడ్డు కోసం ఒక అర్జీ రాసిపెడతావా?" అని అడిగాడు. కోపం పోయిందని అలా తెలిసింది.

పెళ్లి వైశాఖంలో అయింది. అధికారిణి నల్లగొండ నుంచి నది దాటి వచ్చి, మొదటి బంతిలోనే కూర్చుని రెండుసార్లు పప్పు వేయించుకుంది. పెద్దమ్మ ఆమెను పెళ్లికూతురి దగ్గరకు తీసుకెళ్లి, "ఈమే నీ పెళ్లి నిలబెట్టింది," అని చెప్పింది. నన్ను చూపించి మాత్రం, "ఆపింది ఈమె," అంది. ఆ పిల్ల నవ్వి, వంగి నా కాళ్లకే ముందు దండం పెట్టింది.

ఆ రోజే భోజనాల దగ్గర అధికారిణి ఒక మాట అడిగింది. వేరే జిల్లాల్లోనూ ఇలాంటి పుస్తకాలు వేయాల్సి వస్తోంది, కష్టమైన మాటల జాబితా ఒకటి పంపితే తెలుగు చేసిపెడతారా అని. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ జాబితా నా సంచిలోనే ఉంటుంది. నా ఒక్కదాని తెలివి మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి, సెలవు రోజుల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి పోయి షెడ్డులో వాళ్ల పక్కనే కూర్చుంటాను. ఘాటుకు తుమ్ముతూ ఒక్కో మాటా చదువుతాను. వాళ్లు పని ఆపకుండానే బాగుందనో బాగాలేదనో చెబుతారు.

మొన్న 'క్రిటికాలిటీ' అనే మాట దగ్గర ఆగాం. అధికారిణి ఫోనులో వివరించింది. అణు ఇంధనం లోపల మంట లాంటిది మొదటిసారి మొదలై, ఇక తనంతట తాను నిలకడగా సాగడమట. కంప్యూటరు దాన్ని 'విషమ పరిస్థితి' అంది. నేను 'స్వయం నిర్వహణ స్థితి' అని రాసుకుని తీసుకెళ్లాను. అది విని షెడ్డులో ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు సంగతి విడమరిచి చెప్పాను.

"ఊదటం ఆపినా పొయ్యి ఆరిపోకుండా మండుద్ది గదా, అదేనా?" అంది మూలనున్న ఒకామె.

"అలాంటిదే."

"అయితే రాజుకుందనక, ఇంతసేపు అదేంది టీచరమ్మా?"

షెడ్డు అంతా నవ్వు. 'రాజుకోవడం' అని రాసుకుని, అక్కడి నుంచే అధికారిణికి పంపాను. పది నిమిషాల్లో ఫోను చేసి, "ఇదే ఉంచుదాం," అంది. ఆ మాట చెప్పినామె పేరు అడిగి, కాగితం మీద ఆ మాట పక్కనే రాశాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ తొడిమలు తీయడంలో పడింది.